మాపు

మొన్న ఆదివారం టీ నగర్ హాల్లో
వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి అడిగింది,
"మీకు రాయాలని ఎక్కణ్ణుంచి వస్తుందండీ?"
సముద్రం నుంచి, అన్నాను.
చప్పట్లు కొట్టారు.

సముద్రం మొహం చూసి నాలుగేళ్లయింది.
చివరిసారి వెళ్లింది కూడా
మా మేనల్లుడి చెప్పులు పోతే వెతకడానికి.

తిరిగొచ్చే లోకల్ రైల్లో
గంజి ఎక్కువైన కాలరులా
ఆ అబద్ధం మెడని గీరుతూనే ఉంది.

పెరంబూరులో దిగి రైల్వే గోడ వెంట నడిస్తే
మూడో సందు మొదట్లో వజ్రవేలు ఇస్త్రీ బండి.
బండి అనడమే గానీ చక్రాలు ఎప్పుడో నేలలో దిగబడ్డాయి.
పైన వానకి అడ్డంగా పాత ఎన్నికల బ్యానరు,
అందులో ఎవరిదో సగం నవ్వు.
తెలుగు మాట్లాడతాడు, చదవలేడు.
"మా తాత నాడే అచ్చరాలు అరవంలోకి పోయినయి సార్,
మాట మాత్రం ఇంట్లో అట్నే ఉండాది."

ఒక కార్తీకమాసపు జడివానలో
నా తెల్లచొక్కా తెచ్చిచ్చాడు, తల దించుకుని.
జేబులో చీటీ ఉన్నట్టు చూసుకోలేదట.
తడికీ వేడికీ సిరా గుడ్డకెక్కింది.
నా వాక్యం, అద్దంలోలా తిరగబడి,
సరిగ్గా గుండె మీద.

"ఏం రాసినారు సార్, చొక్కా పాడయ్యేటంత?"

కుడి నుంచి ఎడమకి కూడబలుక్కుని చదివాను:
సాయంసంధ్య నగరమ్మీద వాలుతోంది.

కాసేపు బొగ్గులు కుదిపాడు.
"సాయంసందె అంటే?"
చెప్పాను.
"ఓ, మాపా!
మాపు అనొచ్చు గదా. మాయమ్మ అట్నే అంటా ఉండె.
పగలంతా తొడుక్కుంటే మాసిపోదా సార్,
అదే మాపు."

అనేసి, డాక్టరమ్మ కోటు అందుకున్నాడు.
నేనక్కడే నిలబడ్డాను, గొడుగు తెరవడం మర్చిపోయి.
ముప్పై ఏళ్లుగా నిఘంటువులు తిరగేస్తున్నవాణ్ణి.
ఆ మాట మా ఇంట్లోనే
మాసిన బట్టల బుట్ట అడుగున పడుందని
చూసుకోలేదు.

ఆ రాత్రే రాశాను,
ఊరు తన పగటిని విప్పి దండెం మీద పడేసిందని,
తెల్లారేలోపు ఎవరో ఉతకాలని,
అలాంటిదేదో.
అచ్చయింది. నలుగురూ బాగుందన్నారు.
ఒక సభలో శాలువా కప్పారు.
దాని మడతలు సాపు చేసిందీ వజ్రవేలే,
ఇరవై రూపాయలు.
ఎందుకిచ్చారని అతను అడగలేదు.
నేను చెప్పలేదు.

అతని నోటుపుస్తకంలో నాకు పేరు లేదు.
తమిళంలో "మూడో మిద్దె" అని ఉంటుంది,
పక్కన గీతలు.
చొక్కాకొకటి, ప్యాంటుకొకటి, దుప్పటికి రెండు.
నెలాఖరున కూడి చెప్తాడు, ఇచ్చేస్తాను,
బాకీ లేదనుకుని మెట్లెక్కుతాను.

ఇవాళ బండి దగ్గర ఆగి చెప్పాను,
ఇలా అడిగారు, సముద్రమన్నానని.
"సముద్రమా!" నవ్వాడు.
"ఆ ఉప్పుగాలికి బట్ట జిడ్డెక్కిపోతాది సార్, ఇస్త్రీ నిలవదు."

తర్వాత బిస్కెట్ల డబ్బా తీసి
ఈ వారం నా జేబుల్లో దొరికినవి చేతిలో పెట్టాడు:
ఒక గుండీ, రైలు టికెట్టు,
నాలుగు మడతల కాగితం,
మడతలు విప్పి, ఇస్త్రీ చేసి.

"ఇందులో ఏమీ లేదు వజ్రవేలూ, ఉత్త కాగితం."
"ఏమో సార్. నాకు చదవను రాదు గదా,
ఉండాదేమో అని పెట్టినా."

కాగితం ఇంకా వెచ్చగానే ఉంది.

"నా పద్దులో ఒక గీత ఎక్కువ వెయ్యి," అన్నాను.

పెన్సిలు చెవి మీంచి తీసి,
పుస్తకం తెరిచి, నా మొహంలోకి చూశాడు.
"ఏ గుడ్డకు సార్?"